మండువా ఇల్లు బాగుచేయించబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు ఆఫీసులో ఆరు నెలలు సెలవు పెట్టి వస్తావట, మన ఊళ్ళో ఇల్లు బాగుచేయిస్తావట, ఆ తర్వాత కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్ళకి గదులు ఇస్తావట. "నువ్వైనా దానికి నచ్చజెప్పక్కా" అన్నాడు వాడు. మానమని చెప్పడానికి రాయడం లేదు నేను. మన పిల్లల్లో ఆ ఇంటి తాళం తీద్దామన్న మనిషి ఒకరున్నారని విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు, సంతోషంతోనే. కానీ రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెప్తే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటావు, నేను సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నా. పొడుగ్గా ఉందని పక్కన పడెయ్యకు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తా. కరెంటు వైరింగు మొత్తం పీకించి కొత్తది వేయించు, ఎర్తింగుతో సహా. గదులు తెరిచే ముందు పాములు పట్టే మనిషిని పిలిచి ఒకసారి అంతా చూపించు, అటక కూడా. చెదలకి మందు కొట్టించు. పంచాయతీలో ఇంటిపన్ను బాకీ ఉందేమో చూసి కట్టెయ్యి. అతిథులకి ఇవ్వడానికి రిజిస్ట్రేషన్లు ఏం కావాలో అమలాపురం వెళ్ళి కనుక్కో. పని మొదలుపెట్టకముందే ప్రతి గదికీ, ప్రతి స్తంభానికీ, ప్రతి తలుపుకీ ఫోటో తీసి పెట్టుకో, ఏది ఎక్కడుండేదో తర్వాత వడ్రంగి అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

సంతకాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆ ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో ఉంది, పొలానికి ఉన్నట్టు దానికి పట్టాదారు పుస్తకం ఉండదు. తాతయ్య పేరున ఉన్న ఇంటిపన్ను రసీదులూ పాత దస్తావేజూ తప్ప మన దగ్గర ఇంకేం లేవు, పంపకాలు నోటిమాటగా జరిగాయే గానీ కాగితం మీదికి ఎక్కలేదు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, చిన్నత్త పెళ్ళి ఆ తర్వాతే అయింది. 2005లో కేంద్రం తెచ్చిన సవరణతో అంతకు ముందే పెళ్ళయిన నాలాంటి వాళ్ళకీ హక్కు అన్నారు. నేను వాటా కోసం ఇది చెప్పడం లేదు, నా సంతకం నువ్వు అడగక్కర్లేదు, పెట్టి పంపుతా. చిన్నత్త చేతా, మీ పెదనాన్న పిల్లలిద్దరి చేతా కూడా రాయించుకో, అమెరికాలో ఉన్నవాడి చేత కూడా. ఇప్పుడు తాళం వేసి ఉన్న కొంప కాబట్టి అందరూ "నీ ఇష్టం తల్లీ" అంటారు. నువ్వు లక్షలు పోసి, నాలుగు డబ్బులు రావడం మొదలయ్యాక అదే మాట అంటారని నమ్మకం పెట్టుకోకు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఇళ్ళ విషయంలో మనుషులు అంతే.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తా. నువ్వు నాన్నకి పంపిన ప్లాను వాడు నాకూ చూపించాడు. గోడల రంగులున్నాయి, ఉయ్యాల బల్ల ఉంది, మండువాలో పూలకుండీలున్నాయి, లైట్లున్నాయి. వాన నీళ్ళు ఎటు పోతాయో చూపించే గీత ఒక్కటీ లేదు. పైగా సంక్రాంతికల్లా తెరిచేస్తానన్నావట, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అదే ఊళ్ళ నుంచి దేవుళ్ళ ప్రభలు మోసుకొచ్చే ఉత్సవానికి, వచ్చే జనానికి గదులు ఇవ్వాలని. ఆ మాట దగ్గరే నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్తా, కాస్త ఓపిక పట్టు.

ముందు తూము గురించి విను. మండువా ఇంటికి నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి ఉంటుంది కదా, నాలుగు చూర్ల నుంచి జారిన వానంతా మధ్యనున్న పల్లపు గచ్చులో పడి, మూలనున్న తూములోంచి బయటికి పోవాలి. వెలుతురూ గాలీ మండువాలోంచి వస్తాయని అందరూ మెచ్చుకుంటారు, నిజమే. కానీ ఆ ఇంటి ప్రాణం ఆ తూములో ఉంది. మన చిన్నప్పుడంటే, అదే నా చిన్నప్పుడు, తూము నీళ్ళు వీధి పక్క కాలవలోకి పోయేవి. అప్పుడు వీధి అరుగు ఎక్కాలంటే నాలుగు మెట్లుండేవి. నువ్వు ఈసారి వెళ్ళినప్పుడు లెక్కపెట్టు, రెండో మెట్టు సగం రోడ్డులో కూరుకుపోయి ఉంటుంది. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోసుకుంటూ పోయారు. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. ఇప్పుడు వీధి డ్రైనేజీ మన మండువా గచ్చు కంటే ఎత్తులో ఉందని నాకు గట్టి అనుమానం. అంటే పెద్ద వాన పడితే నీళ్ళు బయటికి పోవడం మాట అటుంచి, వీధిలో నీళ్ళే తూములోంచి లోపలికి వస్తాయి.

కాబట్టి వచ్చాక నువ్వు చేయించాల్సిన మొదటి పని మట్టం చూడటం. తాపీ మేస్త్రీ దగ్గర సన్న ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది, నీళ్ళు పోసి రెండు కొసలూ పట్టుకుంటే ఎత్తుపల్లాలు చక్కగా తెలిసిపోతాయి. మండువా గచ్చు, వీధి డ్రైనేజీ, పెరడు, పెరటి వెనక బోదె కాలవ, ఈ నాలుగింటి మట్టాలూ రాసుకో. నాకు తెలిసినంతలో పెరటి వెనక బోదె ఇప్పటికీ పల్లమే. తూముని అటు తిప్పాల్సి వస్తుంది. వంటింటి పక్క నడవ కింద నుంచి పైపు వేయించు, మధ్యలో చెత్త తీయడానికి వీలుగా చిన్న గుంటలు పెట్టించు. ఇది అయ్యాకే నీ ఉయ్యాల బల్ల.

మండువా మీద గాజు కప్పు గానీ ఫైబర్ రేకు గానీ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కోతులొస్తాయంటే ఇనుప ఊచల చట్రం వేయించుకో, తాతయ్య వేయించినట్టు. గాలి ఆగిపోతే వేసవిలో ఆ ఇంట్లో ఏ గదిలోనూ మనిషి ఉండలేడు.

ఇక సంక్రాంతి తొందర దగ్గరికి వస్తా. మీ తాతయ్య గురించి నీకు తెలియని కథ ఇది, నీకు ఆయనంటే ప్రాణం కాబట్టి ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి విన్నావు కదా. గట్లు తెగి లంకలూ ఊళ్ళూ మునిగాయి. మన ఇంట్లో నీళ్ళు అరుగెక్కి రాలేదు, తూములోంచి వెనక్కి తన్ని మండువా నిండి, వసారాలోకీ గదుల్లోకీ వచ్చాయి. ధాన్యం గాదె అడుగంతా తడిసి మొలకలొచ్చింది. నీళ్ళు తీశాక చూస్తే గోడలు నడుం ఎత్తు దాకా తడి పీల్చుకుని ఉన్నాయి. పాత సన్న ఇటుక, సున్నం గోడలు అవి, మూరన్నర మందం. అంత మందం గోడ తడిస్తే ఒక కార్తీకానికో పుష్యానికో ఆరదు, ఒక ఎండాకాలం మొత్తం దానికి ఇవ్వాలి. కానీ మాఘమాసంలో చిన్నత్త పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు పట్నం వాళ్ళు. గోడలకి పూత పొక్కి రాలిపోతుంటే, వాటి మధ్య విడిది ఎలా ఇస్తామని తాతయ్యకి బెంగ. అప్పట్లో సిమెంటు అంటే గొప్ప. సిమెంటు గోడ ఉన్న ఇల్లు కొత్త ఇల్లు, సున్నం గోడ ఉన్నది పాత కొంప. పట్నం నుంచి మేస్త్రీని పిలిపించాడు. వాళ్ళు పాత సున్నం పూత మొత్తం చెక్కేసి, తడి ఆరని గోడల మీదే సిమెంటు పూత పూసేశారు. మండువా గచ్చు కూడా కప్పేసి పైన సిమెంటు పోశారు, నున్నగా, ఎర్ర రంగు కలిపి.

పెళ్ళి నాటికి ఇల్లు అద్దంలా మెరిసింది. ఆ రోజు తాతయ్య మొహం నేను ఎప్పటికీ మర్చిపోలేను, వచ్చిన ప్రతివాళ్ళకీ గోడ తట్టి చూపించాడు.

ఏడాది తిరగకుండానే గోడ మీద తెల్లగా ఉప్పు పూయడం మొదలైంది. రెండో వానాకాలానికి తడి నడుం దాటి భుజాల ఎత్తుకి ఎక్కింది. గోడ మీద తట్టి చూస్తే డొల్ల శబ్దం. తాతయ్య మళ్ళీ అదే మేస్త్రీని పిలిస్తే వాడు ఇంకాస్త సిమెంటు పూశాడు. తడి ఇంకాస్త పైకి పోయింది. అది ఎక్కడిదాకా పోయిందో పైకి కనిపించలేదు. గోడలోకి దూర్చిన దూలం కొసల దాకా పోయింది. పడమటి గదిలో పెద్ద టేకు దూలం, రాజమండ్రి నుంచి కాలవ పడవలో తెప్పించారని మా తాతగారు చెప్పుకునేవారు, అంత దూలమూ గోడలో ఉన్న మూరెడు మేర లోపల్లోపలే మెత్తబడిపోయింది. ఒక వానరాత్రి అది గోడలోంచి బెత్తెడు కిందికి దిగింది. దాంతో వాసాలు కదిలి పెంకు రెండు వరసలు జారి నేల మీద పడ్డాయి. ఆ గదిలో రోజూ మామ్మ పడుకునేది. ఆ రాత్రి పక్కింటి పసివాడికి జ్వరమని సాయం వెళ్ళింది కాబట్టి బతికింది.

తర్వాత పొరుగూరి నుంచి ఒక ముసలి తాపీ మేస్త్రీ వచ్చి చూశాడు. గోడని చేత్తో నిమిరి, "బాబూ, దీని నోరు మూసేశారు" అన్నాడు. ఆయన చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ బాగా గుర్తు, ఎందుకంటే మా అత్తారింటి గోడల విషయంలో ఇన్నేళ్ళూ నేను దాన్నే పట్టుకుని ఉన్నా. మన నేల కింద నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. పాత గోడ పునాదిలోంచి ఆ తడి పీలుస్తూనే ఉంటుంది, దాన్ని ఆపలేం. సున్నం పూత ఉంటే ఆ తడి ఎప్పటికప్పుడు బయటికి ఆవిరైపోతుంది. సిమెంటు దాన్ని పోనివ్వదు. పోనివ్వకపోతే తడి పైకి ఎక్కుతుంది, పైన కలప దొరికితే దాన్ని తినేస్తుంది. అంతే సంగతి. ఇది తెలియక మన వైపు ఎన్ని పెంకుటిళ్ళు పడిపోయాయో, "పాతబడి పడిపోయింది" అన్నారు జనం.

తాతయ్య ఆ ముసలాయన చేత తూర్పు గదులూ దక్షిణం వసారా సిమెంటు చెక్కించి మళ్ళీ సున్నం పూయించాడు, మండువాలో సిమెంటూ పగలగొట్టించాడు. అప్పటికి పెళ్ళి అప్పులు తీరలేదు, డబ్బు అయిపోయింది. పడమటి రెండు గదులూ అలాగే ఉండిపోయాయి. ఆయన పోయేదాకా ఆ గదుల్లో పడుకోలేదు, ఎవరినీ పడుకోనివ్వలేదు. నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు ఆ గదుల్లోకి వెళ్తే తాతయ్య కేకలేసేవాడు కదా. అదీ కారణం. ఆయన మీద కోపం తెచ్చుకోకు. కూతుర్ని గౌరవంగా పంపాలని చేసిన పని అది.

అందుకే చెప్తున్నా, నీ సెలవు మార్చుకో. మాఘంలో రా, ఆషాఢం దాకా ఉండు. ఆశ్వయుజం కార్తీకాలు తుఫాన్ల కాలం, అప్పుడు కప్పు విప్పితే మళ్ళీ వేసేలోగా వాయుగుండం వస్తే ఏం చేస్తావు? మాఘంలో పడమటి గదుల సిమెంటు చెక్కించు. మిషను పెట్టి కొట్టనివ్వకు, ఇటుకలు అదిరిపోతాయి. ఉలీ సుత్తీ పెట్టి కొంచెం కొంచెంగా తీయించాలి, నేను దగ్గరుండి చూస్తా. తీశాక చైత్ర వైశాఖాల ఎండకి కిటికీలూ తలుపులూ తీసిపెట్టి గోడల్ని ఆరనివ్వు. ఆరేదాకా వాటి మీద ఏ పూతా వద్దు. ఈ సంక్రాంతి పోతే పోయింది, పై సంక్రాంతికి తెరుద్దువు గాని. ప్రభలు ఎక్కడికీ పోవు.

పూతకి గానుగ సున్నమే కావాలి. మన తీరం వైపు గుల్ల సున్నం వాడేవాళ్ళు, ఇప్పుడు రాతి సున్నం తెప్పించుకున్నా ఫరవాలేదు. సున్నాన్ని నీళ్ళలో వేసి ముందే నానబెట్టుకోవాలి, ఎంత నానితే అంత జిగురు, కనీసం కొన్ని వారాలు. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళ మంచి ఇసుక, కొంత ఇటుక పొడి. కరక్కాయ దంచి నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవాళ్ళు. గానుగ తిప్పే ఎద్దులు ఇప్పుడు దొరకవు, మోటారుతో నడిచే గానుగలు తెచ్చే మేస్త్రీలున్నారు, పాత గుళ్ళు బాగుచేసే వాళ్ళని అడిగితే తెలుస్తుంది. తమిళనాడులో కారైకుడి వైపు చెట్టినాడు ఇళ్ళు బాగుచేసిన వాళ్ళు కూడా ఈ పని బాగా చేస్తారట. పూశాక తడి గోనెలు కప్పి మెల్లగా గట్టిపడనివ్వాలి, ఎండలో గబగబా ఆరితే నెర్రెలిస్తుంది. పైన వెల్లసున్నం వేయించు, కావాలంటే రంగు పొడి కలుపుకో. పుట్టీలూ, ప్లాస్టిక్ రంగులూ, "వాటర్‌ప్రూఫ్" అని డబ్బా మీద రాసినవీ ఏవీ ఆ గోడలకి తగలనివ్వకు. షాపువాడు ఎంత చెప్పినా వినకు, అమ్మడూ, ఈ ఒక్కటి నా మాట విను.

ఏసీ పెట్టాల్సి వస్తే తూర్పు గదులకి పెట్టుకో. అందరికీ అక్కర్లేదు, వసారాలో పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి కావాలి.

కప్పు విషయం నీకు చాలామంది చెప్తారు, పెంకు తీసేసి రేకులు వేయమని. వద్దు. నీకు పెంకు చరిత్ర ఇష్టంగా ఉంటుందేమో, ఈ మిషను పెంకుని మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టారు, అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. అంతకు ముందు మన వైపు కుమ్మరులు చేసిన గూన పెంకే, మన పశువుల సావిడి మీద ఇప్పటికీ కొంత ఉంది, దాన్ని జాగ్రత్తగా దింపించు. పెంకు నిలబడాలంటే ఏటా వానలకి ముందు మనిషిని ఎక్కించి పగిలినవి మార్చి సర్దించాలి. మా అత్తారింట్లో నేను ఒక్క ఏడాది కూడా వదల్లేదు. మండువా నాలుగు మూలల్లో రెండు కప్పులు కలిసే చోట రేకు ఉంటుంది చూడు, సగం ఉరుపులు అక్కడే మొదలవుతాయి. ఆ రేకులు నాలుగూ కొత్తవి వేయించు, వెడల్పు ఎక్కువ పెట్టించు. వాసాలకి జీడిపిక్కల తొక్కల నూనె రాయించు, మోరి వైపు జీడిపప్పు బట్టీల దగ్గర దొరుకుతుంది. వాసన కొన్నాళ్ళుంటుంది, పురుగు మాత్రం దగ్గరికి రాదు.

ఇంకొకటి, ఇది నువ్వు వినవని తెలుసు, అయినా చెప్తా. ఈశాన్యం మూల కొబ్బరిచెట్టు కొట్టించెయ్యి. మా బామ్మ నాటిన చెట్టని తాతయ్య కొట్టనివ్వలేదు. అది ఇంటి మీదికి వాలి ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో నేను మా అత్తారింట్లో ఉన్నా. గాలి శబ్దం ఒక ఎత్తు, చెట్లు విరిగే శబ్దం ఒక ఎత్తు. తెల్లారి చూస్తే తోటల్లో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మా పశువుల సావిడి మీద రెండు చెట్లు పడ్డాయి, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు పోయింది. పక్కవాళ్ళ వంటింటి మీద పడితే ఆ ఇల్లాలు నడుం విరిగి మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచీ కార్తీకంలో గాలి లేస్తే నాకు కునుకు రాదు, మావయ్య ఎంత చెప్పినా లేచి కూర్చుంటా. రేపు ఆ గదుల్లో ఎవరి బిడ్డలో పడుకుంటారు. బామ్మ చెట్టు కాయలు మొలక కట్టి ఇంకో పది మొక్కలు దూరంగా పెట్టుకో, నేనే పెట్టిస్తా.

బాత్‌రూములు ఇంట్లోకి తేకు. నీ ప్లానులో ప్రతి గదికీ ఒకటి చూపించావు. ఆ గోడలకి మళ్ళీ తడి కాపలా పెట్టడమే అది. పెరట్లో పశువుల సావిడి ఉన్న చోట వరసగా కట్టించు, పైకప్పు ఉన్న నడవ వేయించు, వానలో తడవకుండా వెళ్ళొచ్చు. సెప్టిక్ ట్యాంకు నూతికి యాభై అడుగులైనా దూరంగా ఉండాలి. మన దగ్గర నీళ్ళు పైనే ఉంటాయి కాబట్టి ఎంత దూరమైతే అంత మంచిది.

కలప బేరగాళ్ళు వస్తారు. నువ్వు ఊళ్ళో దిగిన వారంలోపే వస్తారు చూడు. స్తంభాలకి ఇంత, సింహద్వారానికి ఇంత, ఎత్తుకుపోవడం మా ఖర్చే అంటారు. డబ్బుకి ఇబ్బంది పడుతున్న రోజు చూసి మరీ వస్తారు. మన వీధిలో నా చిన్నప్పుడు ఇటూ అటూ అన్నీ మండువా లోగిళ్ళే, అరుగులన్నీ ఒకే ఎత్తు, ఎండలో అయినా చూర్ల నీడనే వీధి చివరిదాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఎన్ని మిగిలాయో నీకు తెలుసు. ఆ ద్వారాలన్నీ హైదరాబాదులో హోటళ్ళకీ, ఫామ్‌హౌసులకీ వెళ్ళిపోయాయి. చెట్టినాడు ఊళ్ళని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ ముందస్తు జాబితాలోకి తీసుకున్నారు, అక్కడ కూడా స్తంభాలు విప్పి అమ్ముకున్న ఇళ్ళు ఎన్నో. మన వీధికి ఆ మాత్రం పేరు కూడా లేదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాలో నీళ్ళు పారి, పంటలు పండి, ఆ పంట డబ్బుతో కట్టుకున్న ఇళ్ళు ఇవి. కట్టిన కుటుంబాలే విప్పుకుంటున్నాయి. డబ్బు చాలకపోతే బేరగాడి దగ్గరికి పోకు, నాకు ఫోన్ చెయ్యి. నా దగ్గర కొంత ఉంది, అది నీకే.

అతిథులకి ఇంటి గురించి చెప్పేటప్పుడు ఏం చెప్తావు? వానాకాలంలో నాలుగు చూర్ల నుంచి నీళ్ళు తాళ్ళలా పడుతుంటే గంగాళాలు పెట్టి పట్టేవాళ్ళం, ఆ నీళ్ళతో మామ్మ మాకు తలంట్లు పోసేది, అది చెప్పు. కొత్తావకాయ రోజుల్లో వసారా నిండా జాడీలు, వీధి చివరిదాకా ఘాటు, అది కూడా చెప్పు. గడ్డితో చుట్టి కట్టిన ధాన్యం పురి విప్పిన రోజు ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. కానీ ఇవి మాత్రమే చెప్పకు. ఆ ధాన్యం పండించినవాళ్ళూ, ఆ దూలాలు మోసినవాళ్ళూ చాలామంది అరుగు కిందే నిలబడేవాళ్ళు, గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు, నేను కళ్ళారా చూశా. వంటింటి వెనక చీకటి గది ఉంది చూడు, చిన్న వయసులో భర్త పోయిన మా మేనత్త ఆ గదిలోనే బతికింది, పెళ్ళి పేరంటాల్లో వసారాలోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. ఆ గదిని స్టోర్ రూము చేస్తానన్నావట. చెయ్యకు. దానికి పెద్ద కిటికీ పెట్టించు, మంచి గది చెయ్యి. పని చేయించేటప్పుడు కూలీలందరికీ భోజనం వసారాలోనే పెట్టు, అందరికీ ఒకే వరసలో.

ఒక్కదానివే ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉండొద్దు. ధైర్యం లేదని కాదు, నా కోసం. పని జరిగినన్నాళ్ళూ నేను వచ్చి ఉంటా. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి గానీ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే మేస్త్రీ సిమెంటు బస్తా లోపలికి తేవడానికి భయపడతాడు.

ఇది మాత్రం వెంటనే చెయ్యాలి. వీధి చివర పెద్ద పెంకుటిల్లు ఈ వారం పడగొడుతున్నారట, వాళ్ళు అపార్టుమెంటుకి ఇచ్చేశారు. ఆ పెంకూ మన పెంకూ ఒకే అచ్చు, ఒకే కంపెనీ ముద్ర ఉంటుంది వెనక. కొత్తవి వాటికి అతకవు, కొలత తేడా వస్తుంది. మీ నాన్నని ఆదివారం లోగా వెళ్ళి మాట్లాడి, విరగని పెంకంతా మన పెరట్లో దింపించమను. అడ్డంగా పేర్చొద్దు, నిలువుగా ఆనించి పేర్పించమను. సోమవారం అయితే ట్రాక్టరుకి ఎత్తి రోడ్డు గుంటల్లో పోసేస్తారు. డబ్బు అడిగితే ఇచ్చెయ్యమను, నేను పంపుతా.

మీ పెద్దత్త